చెప్పుకు ఊరి పేరుంది, వాడ పేరేది?

ఈ మధ్య ఫ్యాషన్, ఫర్నిచర్, ప్రకటనల రంగాల్లో కొన్ని మాటలు తెగ వినపడుతున్నాయి. చేతిపని, వారసత్వం, ప్రకృతికి చేటు చెయ్యనితనం. మిషన్ మీద తయారైన నున్నటి వస్తువుకి గౌరవం తగ్గింది. కాస్త ముతకగా, కుట్టు పైకి కనపడేట్టు, మనిషి చెయ్యి తగిలినట్టు వుంటేనే గొప్ప. మంచిదే గదా, వృత్తిపనివాళ్ళ నోట్లోకి నాలుగు మెతుకులు పోతాయి గదా అని మనవాళ్ళు కూడా కొందరంటున్నారు. మంచిచెడ్డలు తర్వాత చూద్దాం. ఈ దేశంలో ‘చెయ్యి తగలడం’ అనే మాటకి వేరే చరిత్ర వుంది. కొన్ని చేతులు తగిలితే బావి మైలపడింది, గుడి మైలపడింది. అవే చేతులు చేసిన వస్తువు ఇవాళ అద్దాల వెనక, దీపాల వెలుగులో కూర్చుంటోంది. మరి ఆ చేతుల సంగతేమిటని సౌందర్యం మీద పేజీలకు పేజీలు రాసేవాళ్ళు అడగడం లేదు. కాబట్టి మేం అడగాల్సి వస్తోంది.

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీ మగవాళ్ళ దుస్తుల ప్రదర్శన జరిపింది. మోడళ్ళ కాళ్ళకి వున్నవి చూడగానే కొల్హాపురి చెప్పులని పోల్చుకోవచ్చు. కంపెనీ మాత్రం వాటిని ‘తోలు శాండల్స్’ అంది, అంతే. ఎక్కడివి, ఎవరివి అనే ఊసు లేదు. మన దేశంలో పెద్ద గొడవ లేచింది. మహారాష్ట్ర వ్యాపార వాణిజ్య మండలి ఉత్తరం రాసింది. కంపెనీ తరఫున లోరెంజో బెర్తెల్లీ జవాబిస్తూ ఇవి భారతీయ సంప్రదాయ పాదరక్షల ప్రేరణతో చేసినవేనని ఒప్పుకున్నాడు. బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది, జులైలో కొట్టేశారు.

గొడవ చేసిన వాళ్ళ భాష గమనించాలి. ‘భారతదేశ వారసత్వాన్ని దొంగిలించారు’ అన్నారు. ‘మన సంస్కృతి’ అన్నారు. ఈ ‘మన’లోకి చెప్పులు కుట్టేవాడు ఎప్పుడొచ్చాడు? తోలు నానబెట్టే గుంతని ఊరికి ఎంత దూరంగా పెట్టాలో నిర్ణయించింది ఎవరు? దొంగతనం జరిగిందన్న మాట నిజమే. అయితే అది మిలాన్‌లో మొదలవలేదు. ఇటలీ వాడు ఊరి పేరు మింగేశాడని ఏడ్చినవాళ్ళు అంతకు ముందే వాడ పేరు మింగి కూర్చున్నారు.

ఈ చెప్పులకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, సోలాపూర్, కర్ణాటకలో బెళగావి, ధార్వాడ, బాగలకోట, విజయపుర, మొత్తం 8 జిల్లాలకి ఆ పేరు వాడుకునే హక్కు. ఆ చట్టం స్వభావమే అది. నేలని గుర్తిస్తుంది, నీటిని గుర్తిస్తుంది, చేతిని గుర్తించదు. మహారాష్ట్రలో చమార్లు, ఢోర్లు, కర్ణాటక వైపు అథణి, నిప్పాణి ప్రాంతాల్లో సమగారులు తరతరాలుగా చేసిన పని ‘ప్రాంతీయ నైపుణ్యం’ అయిపోయింది. మన పోచంపల్లి, వెంకటగిరి, కొండపల్లి కూడా ఊళ్ళ పేర్లే. ఊరి పేరు పెట్టుకుంటే తప్పని మేమనడం లేదు. ఊరు మొత్తానికి పేరొచ్చినప్పుడు ఊరు మొత్తం ఆ పని చేసినట్టు లెక్క తేలుతుంది, అదీ మా తగువు.

కొల్హాపూర్ అంటే మనకి చెప్పులు మాత్రమే కూడా కాదు. 1902లో వెనకబడిన కులాలకి 50 శాతం ఉద్యోగాలు కేటాయించిన సాహూ మహారాజ్ సంస్థానం అది. 1920లో ఆ సంస్థానంలోని మాణగావ్ సభలోనే ఆయన అంబేద్కర్‌ని అంటరానివాళ్ళ నాయకుడిగా ముందుకు తెచ్చాడు. ఫ్యాషన్ పత్రికలు ‘కొల్హాపూర్ వారసత్వం’ అని రాసేటప్పుడు ఈ వారసత్వం ఎక్కడా తగలదు.

అసలు ఆ చెప్పులో ఏముంది? పచ్చితోలుని తుమ్మచెక్క, కరక్కాయ నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పదును చేస్తారు. అడుగుకి గేదె తోలు, అల్లికకి మేక తోలు. ఇనప మేకు పడదు, తోలు దారంతోనే కుట్టు. సన్నటి జడ అల్లేది ఎక్కువగా ఆడవాళ్ళు. మన మాదిగవాడల్లో దీన్ని చదువుతున్న వాళ్ళకి కొత్తేమీ వుండదు. లంద తెలుసు, తంగేడు చెక్క తెలుసు, సున్నంలో వెంట్రుక ఊడదీయడం తెలుసు. మోట తోలే రోజుల్లో బావిలోంచి నీళ్ళు తోడిన తోలు బొక్కెన మాదిగ చేతిదే. ఆ బొక్కెన లేకపోతే దొర పొలం తడవదు. దానికి కల్లంలో కొలిచే మేర గింజలు ఎన్నో కూడా మనకి తెలుసు. కంచ ఐలయ్య 2009లో అచ్చయిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో తోలు పనివాళ్ళని శాస్త్రవేత్తలన్నాడు. అప్పుడు నవ్విన పండితులే ఇప్పుడు రసాయనాల్లేని తోలు అని మురిసిపోతున్నారు. తెల్లవాడు అడిగితే గానీ కరక్కాయ గొప్పదనం తెలియలేదు కాబోలు!

‘డిజైన్’ అనే మాటకి ఈ దేశంలో అధికారికంగా పునాది పడ్డప్పుడే ఈ తప్పు జరిగిందని మా అభిప్రాయం. భారత ప్రభుత్వం పిలుపు మీద అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆ నివేదికలో వాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు చెంబు. దాన్ని ఏ ఒక్కడో చేసి వుండడనీ, తరాల మీద తీరిన రూపమనీ అన్నారు. డిజైన్ పాఠాల్లో ఇప్పటికీ దీన్ని ఎత్తి చెప్తారు. చెంబు బరువు, మూతి, నడుం, చంకన పెట్టుకునే తీరు అన్నీ చూశారు. ఆ చెంబు ఎవరి చేతిలోంచి ఎవరి దోసిట్లోకి ఎంత ఎత్తు నుంచి నీళ్ళు పోసేదో చూడలేదు. పరదేశులు, పోనీ అనుకుందాం. వాళ్ళ వెంట తిరిగిన మనదేశపు పెద్దమనుషులకి కూడా కనపడలేదా?

వస్తువు రూపానికి సమాజంలో పనేమిటి అన్నదే డిజైన్ ప్రశ్న అయితే, మన హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి కంటే పెద్ద డిజైన్ ఏముంది? లోపల స్టీలు గ్లాసు, బయట చూరుకి చెక్కిన గ్లాసు. కొన్ని చోట్ల కొబ్బరి చిప్ప. ఎవడి గ్లాసు వాడే కడుక్కుని వాడే పెట్టాలి. బోర్డు రాయక్కర్లేదు, వస్తువే చెప్తుంది. కిర్రు చెప్పులు కుట్టినవాడు దొర గడీ ముందు తన చెప్పులు చేత పట్టుకు నడవడమూ అంతే. ఈ పాఠం డిజైన్ కాలేజీల్లో చెప్పాలి. 1995లో హైదరాబాదులో నిఫ్ట్ వచ్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కి ఎన్.ఐ.డి. వచ్చింది. ఆ క్లాసుల్లో కూర్చున్న మన పిల్లలు ఈ ప్రశ్న లేపితే వాళ్ళకి మార్కులు పడతాయో లేదో వాళ్ళే చెప్పాలి.

తోలు సంగతికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే అక్కడ రక్తం కూడా వుంది. 2015లో మహారాష్ట్ర ఎద్దుల, కోడెల వధని నిషేధించింది. గేదె తోలుకి నిషేధం లేదు గానీ తోలు మోసుకుపోయే బండికి భయం పట్టుకుంది. 2016 జులై 11న గుజరాత్‌లో ఊనా దగ్గర మోటా సమాఢియాళా ఊళ్ళో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకుల్ని పట్టుకుని, బట్టలిప్పి, కారుకి కట్టేసి కొట్టారు. కొట్టినవాళ్ళే దాన్ని వీడియో తీసి లోకానికి చూపించారు. దళితులు సురేంద్రనగర్‌లో చచ్చిన పశువుల్ని తెచ్చి కలెక్టరాఫీసు దగ్గర పడేశారు. తోలు ఒలిచే చెయ్యి అక్కడ దెబ్బలు తింటుంది. ఒలిచిన తోలు సంచీ అయ్యి దుకాణంలో కూర్చుంటే ‘సహజం’ అంటారు. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే దశాబ్దంలో జరుగుతున్నాయి.

ముంబైలో సుధీర్ రాజ్‌భర్ మొదలుపెట్టిన చమార్ స్టూడియోని ఈ నేపథ్యంలో చూడాలి. 2015 నిషేధం తర్వాత పని పోయిన తోలు పనివాళ్ళతో, పాత టైర్ల లాంటి రబ్బరుని మళ్ళీ వాడి సంచులు, తర్వాత కుర్చీలు చేయించాడు. 2024లో అవి అమెరికాలో డిజైన్ మయామీ ప్రదర్శన దాకా వెళ్ళాయి. తిట్టుగా వాడితే నేరమని 2008లో సుప్రీంకోర్టు చెప్పిన మాటని ఈయన తీసుకెళ్ళి వస్తువు మీద అచ్చేశాడు. ఆ పేరున్న సంచీ కొనుక్కోవాలంటే కొనేవాడు ఆ మాటని మర్యాదగా పలకాలి. మాకిది నచ్చింది. పేరు దాచి అమ్ముకోవడం కంటే పేరు చెప్పి అమ్మడం వెయ్యి రెట్లు మేలు. అయితే ఇంతటితో పొంగిపోవడం లేదు. డబ్బున్నవాడు ఆ కుర్చీలో కూర్చుని తనకి కులం లేదని చెప్పుకోవడానికి కూడా అది పనికొస్తుంది. పేరు పైకొచ్చినంత వేగంగా చేసినవాడి కూలి, వాటా, వాడి కూతురి చదువు పైకొస్తున్నాయా అని చూస్తూనే వుండాలి.

పేరు పైకి రావడం ఎంత వికారంగా వుండొచ్చో ఒక ప్రకటన చూపించింది. 2023 జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం. 2001లో వచ్చిన ‘లగాన్’ సినిమాలో అంటరానివాడి పాత్ర పేరు కచ్‌రా. ఆ మాటకి అర్థం చెత్త. జొమాటో కంపెనీ ఆ పాత్ర వేసిన నటుడినే తెచ్చి, చెత్తని తిరిగి వాడితే ఏమేం చెయ్యొచ్చో చూపించే పేరుతో అతన్నే బల్లగా, దీపంగా, పేపర్‌వెయిట్‌గా నిలబెట్టింది. మనిషి మీద గ్లాసు పెడతారు. మనిషిని దీపస్తంభం చేస్తారు. అతను మాట్లాడడు. సినిమాలోనైనా బంతి చేతికిచ్చి వికెట్లు తీయనిచ్చారు, ఇక్కడ అదీ లేదు. దర్శకుడు నీరజ్ ఘైవాన్ లాంటివాళ్ళు నిలదీశారు, జాతీయ షెడ్యూల్డ్ కులాల కమిషన్ నోటీసిచ్చింది, కంపెనీ ప్రకటన వెనక్కి తీసుకుంది. ఉద్దేశం మంచిదేనంది. ఆ మాట నిజమే అయ్యుంటుంది, అదే మా బెంగ. ఇంతమంది ‘సృజనాత్మక’ మేధావులు కూర్చుని రాసి, తీసి, చూసి, డబ్బిచ్చి, విడుదల చేసేదాకా ఒక్కరికీ ఒళ్ళు జలదరించలేదంటే ఆ గదిలో ఎవరు కూర్చున్నట్టు, ఎవరు లేనట్టు? ఇంట్లో సామాను ఎత్తేవాడు, తుడిచేవాడు, మోసేవాడు అలవాటుగా సామానులాగే కనపడే కళ్ళకి అది హాస్యమే.

బట్టల విషయానికొస్తే వ్యవహారం ఇంకా తిరకాసు. 1927 డిసెంబరులో మహాద్‌లో అంబేద్కర్ ఆడవాళ్ళతో మాట్లాడుతూ, మోకాళ్ళ పైకి కట్టే చీరకట్టు మానండి, చేతులనిండా వేసుకునే బరువు వెండి నగలు తీసేయండి, మిమ్మల్ని చూడగానే కులం పట్టిచ్చే గుర్తులవి అన్నాడు. వాళ్ళు తీసేశారు. ఆయన తను సూటు వేసుకున్నాడు. నీలం సూటుతో మన వాడల్లో నిలబడ్డాడు. ఇప్పుడు నగరాల్లో పై కులాల అమ్మాయిలు నల్లబడ్డ వెండి కడియాలు, ముతక నేత బట్ట వేసుకుంటే అది ‘ఎథ్నిక్’. ముతక బట్ట నేసిన మాలలు, నేతకానివాళ్ళు ఆ చరిత్రలో లేనేలేరు. మన పిల్ల మెరిసే పాలిస్టరు చుడీదారు, బాగా ఇస్త్రీ చేసిన చొక్కా కోరుకుంటే ఆమెకి ‘టేస్టు’ లేదంటారు. అవమానం తెలియనివాడికి ముతకదనం ఒక వేషం, సాయంత్రం విప్పేస్తాడు. అది విప్పడానికి మనకి ఉద్యమం కావాల్సొచ్చింది. టేస్టు పేరుతో మనల్ని మళ్ళీ అందులోకి తోస్తే వెళ్ళాల్సిన పని లేదు.

ఇక్కడ మనలో మనకే ఒక వాదం వుంది, దాన్ని దాచక్కర్లేదు. తోలు మన విజ్ఞానం, దాన్ని గర్వంగా చెప్పుకోవాలని ఒకరు. కులం అంటగట్టిన పని, దాన్నుంచి బయటపడ్డమే విముక్తి అని మరొకరు. విజ్ఞానం మాది అని చెప్తూనే మా పిల్లలు ఆ గుంత దగ్గరే వుండాలన్న షరతుని ఒప్పుకోకుండా వుండొచ్చని మేమనుకుంటున్నాం. ‘కళాకారుడు’ అని పొగిడి అక్కడే కట్టేయడం కొత్త ఎత్తు. డిజైనర్ అంటే గీసేవాడు, పేరున్నవాడు. కళాకారుడంటే కుట్టేవాడు, జిల్లా పేరున్నవాడు. మధ్యనున్న గీత పాతదే.

2025 డిసెంబరులో ప్రాడా మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థలతో ఒప్పందం కుదుర్చుకుంది. 2,000 జతలు ఇక్కడే చేయిస్తామనీ, జత సుమారు 800 యూరోలకి అమ్ముతామనీ ప్రకటించింది. మన లెక్కలో 80 వేలు దాటుతుంది. కొల్హాపూర్ బజారులో అదే పని కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేలకి దొరుకుతుంది. ఆ రెండు ప్రభుత్వ సంస్థల పేర్లలో సంత్ రోహిదాస్ వున్నాడు, బాబూ జగ్జీవన్ రామ్ వున్నాడు. కాబట్టి జతకి కుట్టుకూలి ఎంత, డబ్బా మీద ఏ పేరుంటుంది అని వాళ్ళని అడిగే హక్కు మనకుంది. పనివాళ్ళకి శిక్షణ ఇస్తారట, కొందరికి ఇటలీలోని ప్రాడా అకాడమీకి పోయే వీలుంటుందట. పోయేవాళ్ళ జాబితాలో అథణిలో కూర్చుని జడ అల్లే ఆడమనిషి పేరుందా? అక్కడికి పోయాక ఆమె బెంచీ మీద కూర్చుని నేర్చుకుంటుందా, నిలబడి నేర్పుతుందా? నేర్పితే ఆ జీతం ఏ లెక్కలో ఇస్తారు?