మోకిలలో ఫ్రెంచి, జర్మన్ చదువు: తెలుగు సాహిత్యానికి దక్కేదెంత?

పరభాష నేర్వడం మంచిదా చెడ్డదా అన్నది అభ్యుదయ సాహిత్యోద్యమానికి ఎన్నడూ ప్రశ్న కాదు. ప్రపంచంలోని శ్రమజీవుల సాహిత్యమంతా మనదేనని చెప్పుకున్నవాళ్లం వాళ్ల భాషల పట్ల విముఖులం కాలేం. అసలు ప్రశ్నలు మూడు. ఆ భాషను ఎవరు నేరుస్తున్నారు? దేనికోసం నేరుస్తున్నారు? నేర్చినదాన్ని ఏ భాషలోకి తెస్తున్నారు? ఈ మూడింటినీ వదిలేసినందువల్లనే హైస్కూళ్లలో ఫ్రెంచి, జర్మన్ బోధన గురించి జరిగే చర్చ ఒకవైపు గొప్పల ప్రదర్శనగా, మరొకవైపు ఉత్త భాషాభిమాన ప్రకటనగా ముగిసిపోతున్నది. సాహిత్య విమర్శకుడికి ఇందులో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. పని వుందని, అది మన అనువాద సాహిత్యం మేలు కీళ్లకు సంబంధించిన పని అని నా అభిప్రాయం.

ఉదాహరణకు మోకిలనే తీసుకుందాం. గండిపేట దాటి శంకరపల్లికి పోయే దారిలో వున్న వూరిది. ఒకవైపు మొయినాబాదు, మరికొంత దూరాన చేవెళ్ల. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో వచ్చిన 111 నెంబరు జీ.ఓ. 84 గ్రామాలలో కట్టడాలకు హద్దు గీసింది. ఆ హద్దుకు అవతల పడిన మోకిలలో జొన్నచేలు పోయి విల్లాలు లేచాయి. 2023 ఆగస్టులో హెచ్.ఎం.డి.ఏ. ఇక్కడ ప్లాట్లు వేలం వేసినప్పుడు గజం ధర లక్ష రూపాయలు దాటింది. భూమి ధర వెంట చదువు ధర కూడా వచ్చింది. ఈ దారి పొడుగునా అంతర్జాతీయ పాఠశాలలు వెలిశాయి. వాటిలో ఆరో తరగతి నుంచే ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలలో ఒకదాన్ని ఎన్నుకునే వీలు వుంటుంది. అదే దారిలో, భూమి అమ్ముకున్నవాళ్ల పిల్లలూ విల్లాలలో పనికి వచ్చేవాళ్ల పిల్లలూ సర్కారు బడిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు చదువుతారు. ఎన్నుకోవడమన్న మాట వాళ్లకు లేదు. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ దశలో నేర్పదగిన విదేశీ భాషలంటూ ఫ్రెంచి, జర్మన్, జపనీస్, కొరియన్ వగైరాల జాబితా ఇచ్చింది. ఏ బడి పిల్లలకు అన్నది మాత్రం ఆ విధానం చెప్పలేదు. ఆ మాట ఫీజు చెబుతున్నది.

నేర్చేవాళ్లలో కూడా తేడాలున్నాయి. మొదటి రకం విల్లాల పిల్లలు. వీళ్లకు ఫ్రెంచి ఒక హోదా, రేపటి విదేశీ విశ్వవిద్యాలయపు దరఖాస్తులో ఒక వరుస. రెండో రకం మార్కుల కోసం నేర్చేవాళ్లు. ఇంటర్మీడియెట్లో రెండో భాష కింద సంస్కృతమో ఫ్రెంచో తీసుకుని, ఇంజనీరింగు సీటు వేటలో ఆ భాషను మెట్టుగా వాడుకుని, పరీక్ష మరునాడే మరిచిపోయేవాళ్లు. సంస్కృతం పరీక్షకు తెలుగు లిపిలో జవాబులు రాసి వందకు దగ్గరగా మార్కులు తెచ్చుకున్నవాళ్లను మనమంతా ఎరుగుదుం. మూడో రకం గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. నర్సింగు చదివిన పేదింటి ఆడపిల్లలు జర్మనీ ఆసుపత్రులలో పని కోసం జర్మన్ నేరుస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టాంకామ్ వాళ్లకు భాషా శిక్షణ ఇచ్చి పంపే ఏర్పాటు చేసింది. ఒకే భాష ఒకరికి అలంకారం, ఒకరికి మార్కు, ఒకరికి కూలి. భాషకు వర్గస్వభావం లేదనే వాదన వ్యాకరణం వరకు నిజం కావచ్చు. భాష నేర్చుకోవడానికి మాత్రం ఆ స్వభావం స్పష్టంగా వుంది.

పరభాష ఈ ప్రాంతానికి కొత్త కాదు. చేవెళ్ల, మొయినాబాదు రైతు పిల్లలకు నిజాం కాలంలో చదువంటే ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. మాతృభాషలో చదువు కావాలని ఆంధ్రమహాసభ పోరాడింది. ఆ సభ నాయకులలో ఒకరైన కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాదు పక్కన పెద్దమంగళారం వాడే. ఆయన పేరు మీదనే 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఎత్తిపొడుపుకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చాడు. ఇంతవరకు అందరూ చెప్పేదే. అయితే ఇక్కడే మనం గుర్తించవలసిన మరొక వాస్తవం వుంది. రాజ్యం రుద్దిన ఆ ఉర్దూను ఆ తరం తెలుగు రచయితలు రాజ్యానికే వదిలిపెట్టలేదు. నిజాం జైలులో మగ్గిన దాశరథి 1961లో గాలిబ్‌ను నేరుగా ఉర్దూ నుంచి తెలుగు చేశాడు. తనను బంధించిన ప్రభుత్వం భాషే అది. ఆ భాషలోని కవిని ఆయన తన ప్రజలకు ఆస్తిగా తెచ్చి ఇచ్చాడు. నిర్బంధంగా వచ్చిన భాష కూడా, తెలుగు మీద కాళ్లూనినవాడి చేతిలో పడితే, సాహిత్యమై తిరిగి వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఫ్రెంచి, జర్మన్లతో మన సంబంధమూ పాతదే. ఫ్రెంచివాళ్లను మన పెద్దలు పరాసులన్నారు. మచిలీపట్నంలో పరాసుపేట ఇప్పటికీ వుంది. 1757లో బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీని మన కథాగాయకులు మరిచిపోలేదు. హైదరాబాదులో నిజాం కొలువు చేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను జనం మూసారాముడన్నారు. మూసారాంబాగు ఆ పేరే. గోదావరి ఒడ్డున యానాం 1954 దాకా పరాసుల ఏలుబడిలోనే వుంది. జర్మన్ల సంగతికి వస్తే, బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు తమిళదేశంలో వుండి తెలుగు నేర్చి, 1740ల నడుమ జర్మనీలోని హల్లేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తన మతం కోసమే కావచ్చు, వాడు మన భాష నేర్చాడు. ఇంత పరిచయం వుండి కూడా హ్యూగో, మొపాసా, మార్క్స్, బ్రెహ్ట్ మనకు దాదాపుగా ఇంగ్లీషు మీదుగానే వచ్చారు. యానాం పేరు మన అనువాద చరిత్రలో పెద్దగా వినిపించదు. కారణం సులభమే. పాలకులు నేర్పిన భాష గుమాస్తాగిరీకి, దళారీతనానికి. దాన్ని తెలుగులోకి మళ్లించే పని ఎవరిదీ కాలేదు.

ఇంగ్లీషు మీదుగా వస్తే నష్టమేమిటి అని అడగవచ్చు. మోకిల ప్రాంతంలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఫ్రెంచి నోటుబుక్కు ఒకసారి తిరగేశాను. ఎడమవైపు ఫ్రెంచి మాట, కుడివైపు ఇంగ్లీషు అర్థం. పుస్తకం మొత్తంలో తెలుగు మాట ఒక్కటి లేదు. మొదటి పేజీలోనే ‘తు’ ఎదుట ‘యూ’ అని, ‘వూ’ ఎదుట కూడా ‘యూ’ అని రాసి వుంది. ఆ పక్కన ‘ఫార్మల్’ అంటూ ఒక వివరణ. తెలుగు పిల్లకు ఈ వివరణ దేనికి? ‘తు’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. పుట్టినప్పటినుంచీ ఆమె నోట ఆడుతున్న తేడాయే అది. ఆమె ఎరిగిన దాన్ని దాచిపెట్టి, ఆ తేడా లేని భాష ద్వారా ఆమెకు దాన్ని నేర్పుతున్నారు. జర్మన్‌లో ‘దూ’, ‘జీ’ల సంగతీ అంతే.

ఇది పిల్లల పాఠానికి పరిమితమైన సంగతి కాదు. 1862లో వెలువడిన హ్యూగో మహానవల ‘లే మిజరాబ్ల్’ మన ప్రేక్షకులకు ‘బీదలపాట్లు’ సినిమాగా 1950లోనే తెలుసు. అందులో పోలీసు అధికారి జావేర్, పాత ఖైదీ జాఁ వల్జాఁను ఏళ్ల తరబడి వెంటాడతాడు. మేయరుగా వున్నన్నాళ్లు మర్యాదగా మీరు అన్నవాడు, అతను ఖైదీ అని తేలిన క్షణంలో నువ్వులోకి దిగుతాడు. చట్టం దృష్టిలో మనిషి విలువ ఎలా పడిపోతుందో ఆ ఒక్క సర్వనామంలో వుంది. చివరకు 1832 పారిస్ తిరుగుబాటులో బారికేడ్ దగ్గర జావేర్ పట్టుబడతాడు. అతన్ని చంపే అవకాశం వల్జాఁకే వస్తుంది. చంపకుండా కట్లు కోసి వదిలేస్తాడు. అప్పుడు జావేర్ నోట మళ్లీ మీరు అన్న పిలుపు వస్తుంది. తాను నువ్వు అనడం మానేశానన్న సంగతి జావేరుకే తెలియలేదని హ్యూగో ప్రత్యేకించి చెబుతాడు. ఆ తర్వాత జావేర్ ఎందుకు బతకలేకపోయాడన్నదానికి మొదటి సూచన ఇదే. అతని బుద్ధి ఒప్పుకోకముందే అతని నాలుక ఒప్పుకుంది.

ఇంగ్లీషులో ఇది నిలవదు. అక్కడి అనువాదకుడు వాడుకలో లేని ‘దౌ’నైనా తవ్వి తీయాలి, లేక మర్యాద పెరిగిందని పక్కన వ్యాఖ్యానమైనా రాయాలి. ఆ ఇంగ్లీషును చూసి తెలుగు చేసేవాడు ప్రతి సంభాషణలో నువ్వా మీరా అని ఊహించుకోవాలి. మూలంలో వున్నదీ, తెలుగులో వున్నదీ, నడుమ వంతెన మీద పోతున్నది. తెలంగాణా పల్లెల్లో ఈ సర్వనామాల వెనక ఎంత చరిత్ర వుందో మనకు తెలియంది కాదు. దొర రైతును ఒరే అన్నాడు. రైతు ‘నీ బాంచన్, కాల్మొక్త’ అన్నాడు. సాయుధపోరాటం ఆ పిలుపును తిరగరాసింది. ఫ్రెంచి విప్లవంలో 1793 చివర పౌరులంతా ఒకరినొకరు ‘తు’ అనే పిలుచుకోవాలన్న ఉద్యమం సాగింది. అక్కడ నువ్వు సమానత్వం. ఇంట్లో తండ్రిని నువ్వు అనే చేవెళ్ల రైతు బిడ్డకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మీరును మర్యాదగా, నువ్వును తక్కువతనంగా మాత్రమే చూసే పట్టణ అనువాదకుడికి అర్థం కాకపోవచ్చు.

జర్మన్‌లో మరో మెట్టు వుండేది. బ్యూక్నర్ 1837లో చనిపోయేనాటికి అసంపూర్ణంగా మిగిలిన ‘వోయ్‌ట్సెక్’ నాటకంలో కెప్టెను ఆ పేద సిపాయిని ఎదుటనే ‘వాడు’ అన్న ప్రథమ పురుషతో పిలుస్తాడు. కిందివాళ్లను ఆనాడు అలా పిలిచేవారు. ఇంగ్లీషు ‘యూ’లో ఆ అవమానం కరిగిపోతుంది. ఒరే, ఏమోయ్, నువ్వు, మీరు, తమరు అని ఇన్ని మెట్లున్న తెలుగుకు దాన్ని పట్టుకునే శక్తి వుంది. సిద్ధాంత గ్రంథాల విషయమూ అంతే. మార్క్సు ‘కాపిటల్’ (1867)లో ‘వారె’ అన్నది బజారు మాట. మన ‘సరుకు’కు అది ‘కమాడిటీ’ కన్నా దగ్గర చుట్టం. రంగనాయకమ్మ సరుకు అన్న మాటనే నిలబెట్టడం ఎంత సరైనదో మూలం చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ రెండు వాదాలు ఎదురవుతాయి. విదేశీ భాషలు సంపన్నుల సోకులు కనుక బడిలోంచి తీసేయాలన్నది ఒకటి. 2011 ఒప్పందంతో కేంద్రీయ విద్యాలయాలలో మూడో భాషగా వచ్చిన జర్మన్‌ను 2014లో విద్యాసంవత్సరం నడుమ తీసేసి సంస్కృతం పెట్టారు. రెండు ప్రభుత్వాల ప్రతిష్ఠ, ఒక పార్టీ సంస్కృతి గురించి అందరూ మాట్లాడారు. పిల్లల సంగతి చివర వచ్చింది. ఒక భాషను తీసేసి మరొకదాన్ని రుద్దడం ప్రజాస్వామ్యం కాదు. తెలుగును తప్పనిసరి చేస్తే చాలునన్నది రెండో వాదం. 2018 తెలంగాణ చట్టం అన్ని బడులలో తెలుగును తప్పనిసరి చేసింది. 2025లో సి.బి.ఎస్.ఇ., ఐ.బి. బడుల పైతరగతులకు ‘వెన్నెల’ అనే తేలిక వాచకాన్ని నిర్ణయించారు. దీన్ని ఆహ్వానించవలసిందే. కాని ఫ్రెంచి క్లాసు ఒక గదిలో, తెలుగు క్లాసు మరొక గదిలో నడిచి, నడుమ గోడ అలాగే వుంటే, పిల్లకు రెండు సబ్జెక్టులు వస్తాయి. వంతెన రాదు.

ఆ వంతెన కట్టే మార్గాలు మన చేతిలో లేనివి కావు. ఫ్రెంచి, జర్మన్ పరీక్షలలో పది వాక్యాలను తెలుగులోకి మార్చే ప్రశ్న ఒకటి పెట్టమని అడగాలి. మోకిల దారిలో ఫీజు కట్టే పిల్లకు దొరికే ఉపాధ్యాయుడు, వారానికి రెండు రోజులైనా మండలంలోని సర్కారు బడులకు దొరకాలని అడగాలి. జర్మనీకి పోయే నర్సు నేర్చే భాషకు గౌరవం వుండాలి. రేపు ఆమె జర్మనీ ఆసుపత్రి అనుభవాన్ని తెలుగులో రాస్తే, అది మన వలస సాహిత్యంలో కొత్త పేజీ అవుతుంది. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై, 1972లో ఫ్రెంచి, జర్మన్, రష్యన్ చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ వుంది. అక్కడి విద్యార్థులనూ తెలుగు శాఖల విద్యార్థులనూ ఒకచోట కూర్చోబెట్టి మొపాసా కథ ఒకటి మూలం నుంచి చేయించే పని రచయితల సంఘాలు తలపెట్టవచ్చు. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ మాస్కోలో మూలభాష నడుమ వుండి రష్యన్ సాహిత్యాన్ని మన ఇళ్లకు తెచ్చారు. అందుకు ఒక రాజ్యం అండ వుంది. ఇప్పుడు ఆ అండ లేదు. భాష నేర్చిన పిల్లలు మాత్రం మునుపెన్నడూ లేనంత మంది మన మధ్య వున్నారు.

మోకిల బడులలో ఫ్రెంచి నేరుస్తున్నందుకు మనం బాధపడనక్కరలేదు. వాళ్లు నేర్చిన ఫ్రెంచి తెలుగు గడప తొక్కకుండా పోతున్నందుకు బాధపడాలి. తెలుగు తెలియని ఫ్రెంచి మనకు ఒక ఉద్యోగిని ఇస్తుంది. తెలుగు తెలిసిన ఫ్రెంచి ఒక అనువాదకుణ్ణి ఇస్తుంది. ఆ అనువాదకుణ్ణి తయారుచేయడం బడి ఒక్కదాని బాధ్యత కాదు, రచయితలుగా మనదీ బాధ్యతే.