బోరు దగ్గర మొదలయ్యే పరీక్ష

2016లో నిజామాబాదు నుంచి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి మండలం దక్కను పీఠభూమి మీది గ్రానైటు నేల కావడం వల్ల, ఇక్కడి భూగర్భజలం శిథిలమైన రాతి పొరలోనూ దాని కింది పగుళ్లలోనూ నిలుస్తుంది. రాతిలోని ఖనిజాలను మెల్లగా కరిగించుకొనే ఆ నీటిలోకి ఫ్లోరైడు చేరే అవకాశం ఉంటుంది. పగుళ్ల అల్లిక చోటుచోటుకీ మారుతుంది కనుక, ఒక బోరు ఫలితాన్ని ఊరంతటికీ అన్వయించడం శాస్త్రసమ్మతం కాదు.

నీటి పరీక్ష ప్రయోగశాలలో జరిగేదే అయినా, దాని విశ్వసనీయత బోరు దగ్గరే నిర్ణయమవుతుంది. కేసింగులో, అంటే బోరు గోడ కూలకుండా దించిన గొట్టంలో, నిలిచిపోయిన నీరు భూమి పొరల్లోని నీటి గుణాన్ని చూపదు కనుక, మోటరునో చేతిపంపునో కొంతసేపు నడిపి ఆ పాత నీటిని తోడివేసిన తరువాతే సీసా పట్టాలి. ఫ్లోరైడు గాజుతో చర్య జరపగలదు కాబట్టి ప్లాస్టిక్ సీసానే ఎంచుకొని, పట్టబోయే నీటితోనే రెండు మూడు సార్లు కడిగి నింపాలి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ముందే క్రిమిరహితం చేసిన సీసాను కడగకుండా, మూతి లోపలి వైపు వేలు తగలనీయకుండా, పైన కొంత ఖాళీ ఉంచి నింపి, మంచుపెట్టెలో 24 గంటల లోపు ప్రయోగశాలకు చేర్చాలి. బోరు ఉన్న చోటు, లోతు, తేదీ, వేళ నమోదు కాని నమూనా ఎంత నిర్దుష్టమైన అంకె ఇచ్చినా, ఆ అంకె ఏ నీటిదో చెప్పలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో వెలువరించిన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఎరువుల నుంచీ మరుగుదొడ్ల గుంతల నుంచీ నేలలోకి ఇంకే నైట్రేటుకు పరిమితి 45 మిల్లీగ్రాములు. పేగులలో నివసించే ఇ.కోలి అనే సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించరాదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని, ఫ్లోరైడూ నైట్రేటూ పోవు; తాగునీటిలో ఉండే మోతాదులో వాటిని కంటితో గాని నాలుకతో గాని గుర్తుపట్టడం సాధ్యం కాదు. ఫ్లోరైడు ఎక్కువైన నీటి వల్ల వచ్చే, ఎముకలను వంచే ఫ్లోరోసిస్ నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఉన్నట్టు 1937లో వైద్య పత్రికకెక్కింది. అప్పటికే అక్కడి జనం ఆ నీటిని ఏళ్లతరబడి తాగి ఉన్నారు.

తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ నల్లా నీరు వచ్చినంత మాత్రాన బోరు అవసరం తీరిపోదు. పొలం దగ్గర దాహం వేసినప్పుడూ, నల్లా ఆగిన రోజునా బోరు నీరే తాగుతారు. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ ప్రతి ఊరిలో ఐదుగురు మహిళలకు క్షేత్ర పరీక్ష కిట్ల వాడకం నేర్పాలని నిర్దేశించింది. వానలకు ముందూ తరువాతా వారు చూసిన ఫలితం పంచాయతీ గోడ మీదికి, తాగేవారికి అర్థమయ్యే మాటల్లో చేరినప్పుడే ఆ పరీక్ష పూర్తయినట్టు.