కోనసముద్రం ఉక్కు మరవని గీత

కోనసముద్రం ఉక్కుకు పదును ఇచ్చిందీ, పెళుసుతనం తెచ్చిందీ ఒక్కటే: కార్బన్. నూటికి దాదాపు ఒకటిన్నర పాళ్లు ఉండేది. మెత్తని ఇనుములో పావు పాలు కూడా ఉండదు. ఈ ఊరున్న నిజామాబాద్ జిల్లా అనగానే బోధన్ చక్కెర, మార్కెట్ యార్డు పసుపు గుర్తొస్తాయి. బోధన్‌లో ఫ్యాక్టరీ పొగ లేవడానికి నూరేళ్ల ముందే కమ్మర్‌పల్లి పక్కనున్న ఈ ఊరికి ఉక్కు కొనడానికి ఇరాన్ వర్తకులు వచ్చేవారు. కమ్మర్‌పల్లి పేరులోనే కమ్మరి ఉన్నాడు.

సర్వే శాఖ వైద్యుడు హెన్రీ వాయిసీ ఇక్కడి కొలుములను చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుమును గాజు ముక్కలతో పాటు మట్టి మూసలో పెట్టి, తిత్తులు ఆపకుండా ఊది కరిగించేవారు. ఊక కలిపిన మట్టితో చేసిన ఆ మూసల పెంకులు, చిట్టెం కుప్పలు ఉత్తర తెలంగాణ ఊళ్లలో 2010 సర్వేలోనూ కనిపించాయి.

మూస పగలగొడితే వచ్చే ముద్ద సుత్తికి లొంగదు. అసలు పనితనం ఇక్కడే. ముద్దకు మట్టి మెత్తి పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చేవారు. మూడు నాలుగు సార్లయినా చేసేవారు. ముద్దలో సిమెంటైట్ అనే పెళుసు పదార్థం రేణువుల అంచుల వెంట వలలా అల్లుకుని ఉంటుంది. దెబ్బ పడితే ఆ అంచుల్లోనే పగులుతుంది. పదే పదే కాలిస్తే వల తెగి, చిన్న గుళికలుగా మారుతుంది. తర్వాత సాగగొట్టడం కూడా ఎర్రటి వేడిలోనే. ఐరోపా కమ్మరులు తమ అలవాటు కొద్దీ తెల్లగా కాల్చి కొట్టారు, ఉక్కు పొడి పొడి అయింది. 1819లో శాస్త్రవేత్త ఫారడే అంతటివాడు కూడా దీని గుట్టు అల్యూమినా, సిలికాల్లో ఉందనుకున్నాడు.

ఇలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులపై, సిమెంటైట్ గుళికలు వరసకట్టిన చోట, నీటి అలల్లాంటి గీతలుంటాయి. అతిగా కాల్చి చటుక్కున చల్లారిస్తే అవి చెరిగిపోతాయి. మితమైన వేడిలో పలుమార్లు కాల్చి చల్లారిస్తే తిరిగి తేలతాయని అమెరికాలో లోహ శాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి పెండ్రే 1990లలో చూపారు. అత్యల్పంగా ఉన్న వనేడియం లాంటి లోహాలు వరసలు తప్పకుండా నిలబడి, సిమెంటైట్‌ను మళ్లీ అక్కడికే చేరుస్తాయి.

వంచినా వేడి తగలగానే పూర్వరూపానికి వచ్చే నిటినాల్ అనే మిశ్రమలోహం నడత ఈ ఉక్కుకు ఎదురు. ఎక్కువ వేడిలో పదే పదే బరువు మోపితే దాని పరమాణువుల అమరికలో లోపాలు పేరుకుని, ప్రతిసారీ కాస్త వంపు మిగిలిపోతుంది.