వినియోగదారుల సమాచార ప్రదర్శన - డేటాబేస్ క్వెరీల తగ్గింపు: విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

పాఠకుడు కోరినప్పుడల్లా అప్పటికప్పుడు కూర్చి చూపే వెబ్ పుటలో పేరు, చిత్రం, హోదా వంటి చిన్న వివరాలే డేటాబేస్‌పై పెద్ద భారం మోపుతాయి. ఒక పుటలో 50 వ్యాఖ్యలున్నాయనుకుంటే, వ్యాఖ్యల జాబితాకు ఒక క్వెరీ, ఒక్కొక్క వ్యాఖ్యాత వివరాలకు ఒక్కొక్కటి చొప్పున 50, వెరసి 51 క్వెరీలు వెళ్తాయి. సాంకేతిక పరిభాషలో ఇది 'ఎన్ ప్లస్ వన్' సమస్య. క్వెరీల సంఖ్యను తగ్గించడమే దీనికి పరిష్కారమన్న మాట నిజమే. కాని తగ్గించే మార్గాలన్నీ ఒకే స్వభావం కలవి కావు. ఆ భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూలాన్ని ఒకేసారి అడగడం

వ్యాఖ్యల పట్టికను, వినియోగదారుల పట్టికను 'జాయిన్' ద్వారా కలిపి అడిగితే 51 క్వెరీలు ఒకటవుతాయి. వ్యాఖ్యాతల గుర్తింపు సంఖ్యలను పోగుచేసి ఒకేసారి అడిగినా రెండు చాలు. ఇక్కడ తగ్గినవి రాకపోకలు మాత్రమే. సమాచారం మూలం నుంచే వస్తుంది కనుక, పేరు మార్చుకున్న వ్యక్తికి తర్వాతి పుటలో కొత్త పేరే కనిపిస్తుంది.

3. ప్రతిని దాచుకోవడం

రెండవ మార్గం కాష్. 2003లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ లైవ్‌జర్నల్ కోసం రూపొందించిన మెమ్‌క్యాష్‌డ్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒకసారి తెచ్చిన వివరాలు మెమరీలో నిలుస్తాయి; మళ్ళీ అడిగితే డేటాబేస్‌ను తాకకుండానే అందుతాయి. అంటే మూలానికి ఒక ప్రతి పుట్టినట్లే. తాళపత్ర ప్రతిలో లేఖకుని చేతి నుంచి దోషం చేరుతుంది. కాష్‌లోని ప్రతి పుట్టినప్పుడు నిర్దుష్టమే. మూలం మారినప్పుడు అది దోషమవుతుంది. అందువల్ల ప్రతికి గడువు విధించడం, మూలం మారగానే ప్రతిని చెరిపివేయడం తప్పనిసరి. పాత చిత్రం కాసేపు కనిపిస్తే నష్టం స్వల్పం. తొలగించిన నిర్వాహకుని అధికారాలు కాష్‌లో బతికి ఉంటే నష్టం స్వల్పం కాదు.

4. ఎవరి ప్రతి ఎవరికి?

2015 డిసెంబరు 25న వాల్వ్ సంస్థకు చెందిన స్టీమ్ విక్రయ వేదికపై సర్వర్లను ముంచెత్తే దాడి జరిగింది. భారం తగ్గించడానికి అమర్చిన కాష్ నియమాల్లో పొరపాటు దొర్లి, ఒకరి ఖాతా పుటలు మరొకరికి కనిపించాయి. సుమారు 34,000 మంది వివరాలు ఇలా ఇతరుల కంటపడి ఉండవచ్చని సంస్థ ప్రకటించింది. వాటిలో కొందరి బిల్లింగ్ చిరునామాలు, కొనుగోళ్ల చరిత్ర, ఈమెయిల్ చిరునామాలు ఉన్నాయి. ఇక్కడ ప్రతి పాతబడలేదు; చేరకూడని చేతికి చేరింది.

5. ముగింపు

కాబట్టి క్వెరీల సంఖ్య ఒక్కటే కొలమానం కాజాలదు. మొదట మూలాన్ని పొదుపుగా అడగాలి. అది చాలనప్పుడే ప్రతిని ఆశ్రయించాలి. అందరూ చూడదగిన పేరు, చిత్రం కాష్‌కు అర్హమైనవి. అధికారాలను మూలంతో సరిచూడాలి. వ్యక్తిగత వివరాలున్న పుటను ఉమ్మడి కాష్‌లో ఉంచరాదు. వేగం పాఠకునికి సౌకర్యం. తన వివరాలు తనవిగా ఉండటం అతని హక్కు. సౌకర్యం కోసం హక్కును వదులుకోమనే పద్ధతి, ఎన్ని క్వెరీలు తగ్గించినా, సమర్థనీయం కాదు.