పాత సీసాల అంగడి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కు చాలా ముందే జాడీల్లో ద్రాక్ష వైను ఊరుతుంది. పండుకు కొదవ లేదు. సరిహద్దు దాటితే చిక్కబళ్ళాపురం తోటల బెంగుళూరు బ్లూ, 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన నల్లద్రాక్ష. చుట్టాలకు పంచడానికి చిన్న సీసాలు దొరకడమే కష్టం. కొత్తవి కొనబోతే లోపలి సరుకు కన్నా గాజుకే ఎక్కువ పోయాలి.

పాత సీసాలు అమ్మేవాళ్ల పనితనం అక్కడే తెలుస్తుంది. గోతాల్లో వచ్చినవాటిని 180 మి.లీ. ఒకవైపు, 375 మి.లీ. ఒకవైపు చకచకా వేరుచేస్తారు. సీసా మూతి చుట్టూ బొటనవేలు మెల్లగా తిప్పుతారు. కంటికి ఆనని పెచ్చు వేలికి తగులుతుంది. ఎండకెత్తి అడుగు చూస్తారు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తారు. కిరసనాయిలు కంపు కొడితే పక్కన పడేస్తారు. చేతులు కోసుకుంటూ నేర్చిన ఈ పనిని చెత్త వ్యాపారమనడం అన్యాయం. అది విద్యే.

ఇంటికి తెచ్చాక వేడినీళ్లలో వంటసోడా వేసి నానబెడితే చీటీ ఊడుతుంది. బ్రష్షుతో తోమి, మరిగించి, బోర్లించి ఆరబెట్టండి. పులియడం ఆగని వైనుకు మూత బిగించకండి, గ్యాసుకు సీసా పగులుతుంది. అంగట్లో మాత్రం బేరమాడకుండా అడిగినంత ఇచ్చిరండి.