పల్లవి ఎవరిది? – ఆరాధనలో తెలుగు క్రైస్తవ కీర్తన

పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలలోని భక్తిరసం కన్నా, ఆరాధనలో వాటి ప్రయోజనం ఇక్కడి పరిశీలనాంశం. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో చాలా కీర్తనలకు పైన రాగతాళాలు ముద్రించి ఉంటాయి. చరణం ముగియగానే పల్లవి తిరిగి వస్తుంది. చదువురానివారు సైతం దానిని అందుకోగలరు. అంటే కీర్తన నిర్మాణంలోనే సంఘానికి చోటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు ఆరాధనకు పెట్టిన కొలమానమూ ఇదే: పాడేది అర్థం కావాలి, దానివల్ల సంఘం క్షేమాభివృద్ధి పొందాలి.

ఈ కొలమానంతో నేటి వేదిక సంగీతాన్ని తప్పుపట్టడం తేలిక. మైకుల హోరులో సంఘం కేవలం శ్రోతగా మారుతున్న మాట నిజమే. అయితే అదే కొలమానం కీర్తనకూ వర్తిస్తుంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు చదువుకు దూరంగా ఉంచబడిన మాదిగలు. సంస్కృత సమాసాలతో నిండిన చరణాలు అటువంటి సంఘాలకు ఏ మేరకు బోధపడి ఉంటాయి? పల్లవి వారి గొంతులో నిలిచి, చరణం బోధకుని వివరణకోసం ఆగి ఉండవచ్చునని నా అభిప్రాయం.

మా ఊరి మందిరంలో స్త్రీలు పాడే వరస ముద్రిత రాగానికి చాలా దూరం. దానిని అపభ్రంశమని తోసిపుచ్చలేం. అటువంటి వరసలను సేకరించి, ముద్రిత రాగాలతో పోల్చకుండా ఈ కీర్తనలకు విలువకట్టడం తొందరపాటే.