తల తిప్పిన గాయని

"తల తిప్పిన గాయని. రెండక్షరాలు." ఆదివారం పొద్దున గళ్ల పజిల్‌లోని ఈ ఆధారం వాట్సాప్‌లో పడగానే బిజినేపల్లి, హైదరాబాద్, డాలస్‌లలోని మా మిత్రులంతా ఆలోచనలో పడతారు. ‘తల’ను తిప్పి చదివితే ‘లత’. లతా మంగేష్కర్! ముడి విడిపోయాక ఎంత తేలికో, విడిపోకముందు అంత బిగువు.

"తలుపుకూ వేస్తారు, పాటకూ వేస్తారు" అంటే తాళం. "పక్షి చేసిన చప్పుడు రాగమైంది" అంటే హంసధ్వని. మంచి కూర్పరి ఆధారంలో ఒక్క మాటా వృథాగా ఉండదు. దారి తప్పిస్తాడు కానీ అబద్ధమాడడు. ఆ నిజాయితీయే ఈ విద్యకు ప్రాణం.

1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ కూర్చిన గళ్ల పజిల్‌ను ‘న్యూయార్క్ వరల్డ్’ అచ్చువేసింది. తెలుగులో శ్రీశ్రీ అంతటి కవి పదబంధ ప్రహేళికలు కూర్చాడు. గళ్ల పజిల్ రాకముందే మనకు పొడుపుకథలున్నాయి, అవధానంలో సమస్యాపూరణం ఉంది. కవిపండితులను పోషించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న గద్వాల సంస్థానం మా ప్రాంతంలోదే. మా బిజినేపల్లి మండలంలోని పాలెం ప్రాచ్య కళాశాలలో పండితులు కపిలవాయి లింగమూర్తి గారు పాఠం చెప్పారు. మాటతో ఆడుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

మా మిత్రుల్లో ఒకరికి రాగాలు తెలుసు, ఒకరికి పాత సినిమాలు, ఇంకొకరికి బతుకమ్మ పాటలు. ఎవరికీ అన్నీ తెలియవు కనుకే అందరూ కావాలి. జవాబు చటుక్కున చెప్పేయకుండా, పక్కవాడికి తట్టేలా చిన్న సూచన ఇచ్చి ఆగే మిత్రుడే అసలైన నేర్పరి. అతనికి నా నమస్కారం.